రెండో చరణం ఎక్కడికి పోయింది?

పెన్నాతీరం
పోయిన ఆదివారం రాత్రి మా ఇంట్లో మొదలైన ఒక తగాదాను మీ ముందు పెడుతున్నాను. మా అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోని మా ఇంటి హాలులో మడత కుర్చీ వాల్చుకొని, ఒళ్ళో చేట పెట్టుకొని, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ టీవీలో పాటల పోటీ చూస్తోంది. ఇరవై ఏళ్ళు కూడా ఉండని ఒక అమ్మాయి ‘మల్లీశ్వరి’లోని ‘మనసున మల్లెల’ పాటను ఎత్తుకుంది. గొంతు బాగుంది, శ్రుతి నిలిచింది. గువ్వల గుసగుసలు, కొలనులో అలల గలగలలు అయ్యాయో లేదో, మళ్ళీ పల్లవికి వచ్చి పాట ముగించేసింది. న్యాయనిర్ణేతలు ముగ్గురూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, పైనుంచి రంగు కాగితాలు రాలాయి. మా అమ్మ సగం ఈనె తీసిన చిక్కుడుకాయను అలాగే పట్టుకొని, "ఏందబ్బయా, మిగతా పాట ఏదీ?" అని, దాన్ని నేనే ఎక్కడో దాచిపెట్టినట్టు నా వైపు చూసింది.

ఆమె అడిగిన తరువాత నేను గోడ గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. ఆ పైన వచ్చిన పాటల్లో ఒక్కటి కూడా రెండు నిమిషాలు దాటలేదు. ఒక్కొక్క పాట మీద పొగడ్తలు, కన్నీళ్ళు, చిన్ననాటి ఫోటోలు, ఆటపట్టింపులు కలిపి ఏడెనిమిది నిమిషాలు నడిచాయి. మా తమ్ముడు మాత్రం, ఈ రోజుల్లో నీవూ అమ్మా తప్ప పాటను అంతసేపు ఎవరూ వినరని తేల్చేశాడు. రెండో చరణం లేకుండా పాడినదాన్ని పాట అనవచ్చునా, లేక మా ఇద్దరిదీ చాదస్తమా, మీరే చెప్పండి.

ఒంగోలు_గిత్త
తీర్పు సంగతి తరువాత చూద్దాం. భానుమతి గారు పుట్టింది మా ఒంగోలు దగ్గర దొడ్డవరంలో, 1925లో. మా జిల్లా ఆవిడ పాటను నడిమికి కోస్తూ ఉంటే నెల్లూరు వారు చూస్తూ ఊరుకున్నారా?

పెన్నాతీరం
ఊరుకోలేదు కనుకనే ఇక్కడికి వచ్చాను. పైగా ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా, 1925లో మీకు జిల్లా ఎక్కడిది?

ఒంగోలు_గిత్త
జిల్లా లేకపోవచ్చు, దొడ్డవరం ఉంది కదా.

కావలి_కీబోర్డు
నేను ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళలో, శ్రీరామనవమి పందిళ్ళలో, వినాయక చవితి మండపాల దగ్గర ఆర్కెస్ట్రా నడుపుతున్నాను కనుక, గిట్టనివారు ఎందరున్నా పెన్నాతీరం గారి తమ్ముడి పక్షాన నాలుగు మాటలు చెప్పనివ్వండి. జనం ఎప్పుడు లేచిపోతారో వేదిక మీద ఉన్నవాడికి స్పష్టంగా కనిపిస్తుంది. పల్లవి వినగానే అందరి ముఖాలూ వెలుగుతాయి, మొదటి చరణానికి పెదవులు కదుపుతారు. రెండో మ్యూజిక్ బిట్ మొదలైందంటే చాలు, ముందు వరుసలోని మామయ్యలు సెల్‌ఫోన్లు తీస్తారు, వెనక వరుసలు భోజనాల బంతి వైపు జరుగుతాయి. మా గాయకుడి దగ్గర పాటలన్నీ చేత్తో రాసుకున్న నోటు పుస్తకం ఒకటి ఉంది. పల్లవీ మొదటి చరణమూ ఉన్న పేజీలు చెమటతో, టీ మరకలతో మెత్తబడిపోయాయి. రెండో చరణం రాసిన వెనక పేజీలు మాత్రం కొన్ననాటి లాగే ఉన్నాయి. ఆ చరణాన్ని మేము కోయలేదండీ, వినేవారే కోశారు.

ఆ మాటకొస్తే కోత కొత్తదీ కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను రికార్డు ఒక వైపున మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది. అంతకన్న పొడుగైన పాట ఉంటే తగ్గించి పాడించేవారు, లేదా రెండు వైపులకూ పంచేవారు. మన తాతలు విన్నది కూడా కొలతకు కత్తిరించిన గుడ్డే.

పెన్నాతీరం
కొలత ముందుగా తెలిసి కుట్టిన చొక్కాకూ, కుట్టిన చొక్కాకు ఒక చేయి తీసేయడానికీ తేడా లేదంటారా?

కావలి_కీబోర్డు
చేయి లేని చొక్కాలు కూడా అమ్ముడవుతున్నాయి కదండీ.

క్యాసెట్_కాలం
కీబోర్డు గారు గ్రామఫోను దాకా వెళ్ళారు కనుక, నేను క్యాసెట్టు దగ్గర అందుకుంటాను. 1989లో నేను నెల్లూరులో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ట్రంకు రోడ్డులో పాటలు నింపి ఇచ్చే కొట్టు ఒకటి ఉండేది. తెల్ల కాగితం మీద పాటల జాబితా రాసి, ఖాళీ క్యాసెట్టుతో పాటు ఇచ్చి వస్తే, మూడు రోజులకు చేతికి వచ్చేది. అరవై నిమిషాల క్యాసెట్టుకు ఒక్కొక్క వైపు ముప్ఫై నిమిషాలు పడతాయని తెలుసు కానీ, పాటల నిడివి కూడి చూసుకోవాలన్న జ్ఞానం నాకు లేదు, ఆ కొట్టువాడికి ఓపిక లేదు. అందువల్ల ‘ఎ’ వైపు చివర ‘రుద్రవీణ’లోని ‘చెప్పాలని ఉంది’ పాట సగంలో టక్కుమని ఆగిపోయేది. బాలు గారికి జాతీయ పురస్కారం తెచ్చిన ఆ పాట, నా క్యాసెట్టులో మాత్రం చెప్పాలని ఉన్నది చెప్పకుండానే ముగిసేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ పాట పూర్తిగా వినిపిస్తే, ఆ చోటు రాగానే నా చెవి ఆ టక్కు కోసం ఎదురుచూస్తుంది.

అయితే ఆ కోతలో ఒక నిజాయితీ ఉండేది. టేపు అయిపోయిందనీ, పాట ఇంకా ఉందనీ వినేవాడికి తెలిసేది. ఇప్పుడు సగం పాడి చక్కగా పల్లవికి తెచ్చి ముగిస్తున్నారు కనుక, ఏదో పోయిందన్న అనుమానం కూడా కొత్తవారికి రాదు. పెన్నాతీరం గారి అమ్మగారికి ముందే తెలుసు కనుక అడగగలిగారు.

చీమకుర్తి_చిట్టి
నాకు ఇరవై ఒక్క సంవత్సరాలు. ఆ కొత్తవారిలో నేను ఒకదాన్ని కనుక చెబుతున్నాను. ‘సాగర సంగమం’ పాటల్లో ఒకదాన్ని మొదట ముప్ఫై సెకన్ల రీల్‌లో విన్నాను, నచ్చితే వెతుక్కొని మొత్తం విన్నాను, తరువాత ఆ సినిమా చూశాను, ఆ తరువాత అదే సంగీత దర్శకుడి పాటల కోసం తమిళంలోకి కూడా వెళ్ళాను. మీ అందరికీ క్యాసెట్టు కొట్టు ఎలాగో మాకు ఆ ముక్క అలాగ. ముక్క రుచి చూపిస్తే తప్పేమిటి?

క్యాసెట్_కాలం
తప్పు లేదమ్మా. రుచి చూపించిన తరువాత విస్తరి వేయాలి కదా. పోటీ కార్యక్రమం విస్తరి వేసే చోటు. అక్కడ కూడా వేలి మీద చట్నీ రాసి పంపిస్తే ఎలాగ అని మా బాధ.

కొండపి_మాస్టారు
ముందుగా ఒక సవరణ. ‘మనసున మల్లెల’ను రెండు చరణాల పాటగా లెక్కవేయడం అంత సరికాదు. అది దాదాపు ఒకే ఊపిరిలో సాగే గీతం. అయినప్పటికీ అమ్మగారి ప్రశ్న నూటికి నూరుపాళ్ళూ న్యాయమైనదే. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు అందులో వేసిన మెట్లు చూడండి. ముందు ఆ రాత్రి హాయిని చెప్పారు. తరువాత గువ్వలు, గాలులు, అలలు, దూరాన వేణువు, వీటిలో ఏ చప్పుడు విన్నా అతడే వచ్చాడనుకొని, కన్నీటితో నలుదిక్కులూ చూశానని ఆమె చేత చెప్పించారు. చివరికి మాత్రమే, ఒక్క గడియ కూడా ఇక విడిచి వెళ్ళవద్దని, పొంగిన గుండెను పగలనీయవద్దని వేడుకొంటుంది. ఆ వేడుకోలును తీసివేస్తే మిగిలేది వెన్నెల వర్ణన. హాయి కింద దాగి ఉన్న భయం అంతా చివరి రెండు పంక్తులలో ఉంది, ఆ రెండు పంక్తులకే చోటు లేకపోయిందన్నమాట.

నేను ముప్ఫై నాలుగేళ్ళు బడిలో తెలుగు చెప్పాను. అన్నమయ్య కీర్తనలలో ఎక్కువవాటికి మూడు చరణాలు ఉంటాయి, స్వామి ముద్ర చివరి చరణంలో పడుతుంది. ‘బ్రహ్మ కడిగిన పాదము’ను మొదటి చరణంతో ఆపేస్తే తిరువేంకటగిరి పేరే వినపడదు. త్యాగరాజ స్వామి పేరు కూడా అలాగే చివరి చరణంలో వస్తుంది. ఉత్తరం సగం చదివి, సంతకం ఎవరిదో చూడకుండా మడిచి జేబులో పెట్టుకొనేవారిని మీరు ఎక్కడైనా చూశారా? మన టీవీలో భక్తి పాటల వారం వచ్చినప్పుడల్లా నాకు అదే కనిపిస్తుంది.

ఒంగోలు_గిత్త
మాస్టారూ, ఈ సంతకం సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఉదయం నుంచి మా ఇంట్లో ఉన్న అన్నమయ్య కీర్తనలన్నింటికీ చివర చూస్తూ కూర్చున్నాను, మా ఆవిడ ఒంట్లో బాగుందా అని అడిగింది.

లెక్కల_మనిషి
సమయం చాలదన్నది ఒట్టి సాకు. కేబుల్ టెలివిజన్ నిబంధనల ప్రకారం గంటకు ప్రకటనలు 12 నిమిషాలకు మించకూడదు, అంటే కార్యక్రమానికి 48 నిమిషాలు మిగలాలి. ఎనిమిది మంది పాడితే ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు. అందులో పాటకు నాలుగున్నర నిమిషాలు ఇచ్చినా, మాటలకు ఒకటిన్నర మిగులుతుంది. ఒకటిన్నర నిమిషంలో ఒక పాట గురించి చెప్పలేనివారిని న్యాయనిర్ణేతలుగా ఎందుకు కూర్చోబెట్టాలి?

చీమకుర్తి_చిట్టి
లెక్కల మనిషి గారూ, ఏడవడానికి సమయం మీరు అసలు కేటాయించలేదు.

ఆత్మకూరు_నాన్న
ఏడుపు సంగతి వచ్చింది కనుక మా సంగతి చెబుతాను. ఛానెల్ పేరు అడగవద్దు. మా అమ్మాయి పదమూడేళ్ళప్పుడు ఒక పోటీకి ఎంపిక పరీక్ష జరుగుతోందంటే హైదరాబాదు తీసుకువెళ్ళాను. రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి, ఉదయం ఏడు గంటలకే వరుసలో నిలబడ్డాము, సాయంత్రం నాలుగున్నరకు పిలుపు వచ్చింది. రెండు నెలలుగా వాళ్ళ టీచరు దగ్గర ఒక పాటను సాధన చేసింది. ఆ పాటలో గట్టి గమకాలన్నీ రెండో చరణంలోనే ఉన్నాయి, వాటి కోసమే ఆ పాటను ఎంచుకుంది. బల్ల వెనక కూర్చున్న అబ్బాయి తల ఎత్తకుండా, నిమిషంన్నర మాత్రమే పాడాలన్నాడు. అయితే రెండో చరణం నుంచి ఎత్తుకోమంటారా అని మా అమ్మాయి అడిగింది. ఆ మాటకు అతడు తల ఎత్తి చూశాడు. పల్లవి తెలియకపోతే చూసేవారు పాటను గుర్తుపట్టరు, గుర్తుపట్టకపోతే ఛానెల్ మార్చేస్తారు అన్నాడు. అతడు మర్యాదగానే చెప్పాడు, అబద్ధమూ చెప్పలేదు, నాకు మాత్రం ఆ మాట ఇన్నేళ్ళయినా మింగుడు పడలేదు. పాట వినడానికి కాదు, గుర్తుపట్టడానికి అన్నమాట. మా అమ్మాయి ఎంపిక కాలేదు. తిరుగు ప్రయాణంలో, ఒంగోలు దాటిన తరువాత, బస్సు కిటికీ దగ్గర కూర్చొని ఆ రెండో చరణాన్ని తనకు తానే మెల్లగా పాడుకుంది. నేను నిద్రపోయినట్టు నటించాను.

పెన్నాతీరం
ఆత్మకూరు నాన్న గారూ, మీ టపాను మా అమ్మకు చదివి వినిపించాను. ఇప్పుడు పాడుతోందా అని అడుగుతోంది.

ఆత్మకూరు_నాన్న
బీటెక్ మూడో సంవత్సరంలో ఉందండీ. వంట చేసేటప్పుడు పాడుతుంది, మొత్తం పాడుతుంది.

మూలాపేట_వాసి
ఇంత దూరం వచ్చి బాలు గారి ప్రస్తావన సరిగ్గా రాకపోతే నెల్లూరులో నీళ్ళు పుట్టవు. ఈటీవీలో ‘పాడుతా తీయగా’ 1996లో మొదలైంది. ఆ కార్యక్రమంలో నాకు నచ్చింది గెలుపు ఓటములు కావు. పిల్లవాడు పాడిన తరువాత, ఆ పాట రాసినది ఎవరు, బాణీ కట్టినది ఎవరు, ఏ మాటను ఎక్కడ విరిస్తే అర్థం చెడుతుంది అన్నవి ఆయన చెప్పే పద్ధతి నచ్చేది. ‘శ’కూ ‘స’కూ తేడా తెలియని మా ఇంట్లో, ఆ కార్యక్రమం చూసిన తరువాత ఒకరి ఉచ్చారణను ఒకరం దిద్దుకోవడం మొదలుపెట్టాము. వారి నాన్నగారు సాంబమూర్తి గారు హరికథకులు, ఈ ఊళ్ళో త్యాగరాజ ఉత్సవాలు జరిపించినవారు. కథ మధ్యలో ఆగి మాటకు అర్థం చెప్పి, మళ్ళీ రాగం అందుకొనే హరికథ పద్ధతే కొడుకు మాటలోనూ ఉందని నా అభిప్రాయం. తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని బాలు గారు 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. అదే సంవత్సరం సెప్టెంబరు 25న ఆయన పోయారు. ఆ వీధిలో నడిచినప్పుడల్లా నా అడుగు కొంచెం నెమ్మదిస్తుంది.

సింగరాయకొండ_ప్యాసింజరు
బాలు గారంటే నాకూ ప్రాణమే, అయినా నిజం చెప్పుకోవాలి. పాట మీద పాట కన్న ఎక్కువసేపు మాట్లాడే అలవాటును మనకు చేసినది కూడా ఆ కార్యక్రమమే. ఆయన మాటలో సరుకు ఉండేది కనుక విన్నాము. తరువాత వచ్చినవారు సరుకు వదిలేసి నిడివిని మాత్రం అందిపుచ్చుకున్నారు. మొదటి తప్పు ఎక్కడ జరిగిందని అడిగితే, మనం ముచ్చటపడి చూసినచోటే జరిగింది.

మూలాపేట_వాసి
మీరు చెప్పినదానికి సమాధానం దొరకడం లేదు కనుక కోపం వస్తోంది.

అద్దంకి_అబ్బాయి
కోతలున్నా సరే, పోటీల వల్ల మనవారు పైకి వచ్చారన్నది కూడా చెప్పుకోవాలి. 2010లో హిందీ ‘ఇండియన్ ఐడల్’ గెలిచిన శ్రీరామచంద్ర మా అద్దంకివాడు. అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఓటు ఎస్సెమ్మెస్‌ల కోసం మా గది కుర్రవాళ్ళం అయిదుగురం చేయించిన రీఛార్జీల డబ్బుతో ఒక నెల మెస్సు బిల్లు కట్టవచ్చు. ఆ తరువాత 2022లో ‘ఆహా’లో తెలుగు ‘ఇండియన్ ఐడల్’ మొదలైనప్పుడు, వ్యాఖ్యాత మా శ్రీరామచంద్ర, విజేత నెల్లూరు అమ్మాయి వాగ్దేవి. ఒక వేదిక మీద మన రెండు జిల్లాలూ కలిసినది అప్పుడే.

ఒంగోలు_గిత్త
ఆ సంవత్సరమే ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టి అద్దంకిని బాపట్లలో కలిపారు, కందుకూరును నెల్లూరుకు ఇచ్చారు. మన జిల్లాను కూడా పల్లవీ ఒక చరణమూ ఉంచి మిగతాది కోసేశారు.

దర్శి_రంగస్థలం
ఇంతమంది టీవీ గురించి మాట్లాడుతున్నారు కానీ, మన వైపు పాటను కోయడం కాదు, సాగదీసే అలవాటే ఉండేది. నా చిన్నప్పుడు తిరునాళ్ళలో ‘హరిశ్చంద్ర’ నాటకం వేస్తే, కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజామున మూడయ్యేది. బలిజేపల్లి లక్ష్మీకాంత కవి గారి నాటకానికి, జాషువా గారి శ్మశానవాటి పద్యాలను చేర్చి పాడేవారు. అంటే ఉన్నది చాలక, బయటి నుంచి తెచ్చి కలిపేవారు. హార్మోనియం దగ్గర కూర్చున్నాయన రాగం ఎత్తి ఇస్తే, హరిశ్చంద్రుడు చివరి పాదాన్ని అయిదు నిమిషాలు లాగేవాడు, జనం వన్స్ మోర్ అని అరిచేవారు, చచ్చిపడి ఉన్న లోహితాస్యుడు దోమ కుడితే కాలు గోక్కొనేవాడు, ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. మా నాన్న నన్ను గోనెసంచి మీద పడుకోబెట్టి, పద్యం వచ్చినప్పుడు మాత్రం లేపేవాడు.

కావలి_కీబోర్డు
రంగస్థలం గారి టపా చదివి నవ్వుకున్నాను కానీ, అప్పుడు తెల్లవారిన తరువాత ఎవరికీ ఆఫీసు బస్సు ఉండేది కాదన్న సంగతి మరిచిపోకూడదు.

పెన్నాతీరం
కీబోర్డు గారూ, మీరు ఇంకా మా తమ్ముడి పక్షానే ఉన్నారా?

కావలి_కీబోర్డు
సగం పక్షాన ఉన్నాను. ఆత్మకూరు నాన్న గారి టపా చదివిన తరువాత నాకు ఒక సంగతి గుర్తుకు వచ్చింది, ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు. నాలుగేళ్ళ కిందట అల్లూరులో ఒక పెళ్ళి. వాన పడి జనం అంతా షామియానా కిందికి చేరారు, ఎటూ వెళ్ళే వీలు లేదు. జనరేటరు ఒక్కటే నడుస్తోంది, రిథమ్ ప్యాడ్ తడిసి పనిచేయడం మానేసింది. చేసేది లేక కీబోర్డు ఒక్కటే పెట్టుకొని పాత పాటలు మొదలుపెట్టి, ఎలాగూ సమయం గడపాలి కనుక, రెండో చరణాలు కూడా పాడించాము. మా గాయకుడికి సగం పాటలలో మాటలు తెలియలేదు, నోటు పుస్తకం వెనక పేజీలు అప్పుడు తిప్పాడు. ఒక్కచోట అతడు తడబడితే, పెళ్ళికూతురి నాయనమ్మ కూర్చున్న చోటి నుంచే తరువాతి మాట అందించింది. ఆ రాత్రి భోజనాలు పదకొండున్నరకు మొదలయ్యాయి, ఎవరూ గొణగలేదు. అయితే అది వాన వల్ల జరిగిందని నేను ఇప్పటికీ అంటాను.

కొండపి_మాస్టారు
ఆ నాయనమ్మ ఏ మాట అందించిందో మీకు గుర్తుందా?

కావలి_కీబోర్డు
గుర్తులేదు మాస్టారూ. మా గాయకుడిని అడిగి చెబుతాను. ఈ లోపల పెన్నాతీరం గారికి ఒక మాట. వచ్చే నెల రెండో ఆదివారం కావలిలో మాకు ఒక పెళ్ళి ఉంది, పెళ్ళికొడుకు నాన్న నాకు బాగా కావలసినవాడు. మీ అమ్మగారిని తీసుకురండి. ‘మనసున మల్లెల’ను చివరి మాట దాకా పాడిస్తాను, మా అమ్మాయి గాయని ఈ పది రోజులూ సాధన చేస్తుంది. ముందు వరుసలో కుర్చీ వేయిస్తాను. భోజనాలు మొదలవకముందే రావాలి సుమా.

పెన్నాతీరం
అమ్మ వస్తానంది. భోజనం మాత్రం ఇంట్లోనే చేసి బయలుదేరుతుందట, మధ్యలో లేవవలసిన అవసరం రాకుండా.